క్రొయేషియా యుద్ధ సినిమా: ముందు బ్రెషానా, మతానిచ్చా?

రెండు సినిమాలు: దర్శకుడు వింకో బ్రెషాన్ 'మా దీవిలో యుద్ధం ఎలా మొదలైంది' (1996), దర్శకుడు డాలిబోర్ మతానిచ్ 'జ్విజ్దాన్' (2015). రెండింటి కథా యుగోస్లావియా విడిపోతూ యుద్ధం మొదలైన 1991లోనే మొదలవుతుంది.

నిడివి: మొదటిది గంటన్నర పైచిలుకు, రెండోది రెండు గంటలు.

కథ: బ్రెషాన్‌ది కామెడీ. యుగోస్లావియా సైన్యం బ్యారక్‌లో ఇరుక్కున్న కొడుకు కోసం తండ్రి వస్తాడు, కమాండరేమో అంతా పేల్చేస్తానంటాడు, ఊరంతా గేటు ముందు చేరి పాటలూ కవితలతో అతన్ని మెత్తబరచాలని చూస్తుంది. మతానిచ్‌వి 1991, 2001, 2011లలో మూడు ప్రేమకథలు, సెర్బులకీ క్రొయేషియన్లకీ మధ్య.

నటన: మతానిచ్ సినిమాలో తిహానా లాజోవిచ్, గోరన్ మార్కోవిచ్ మూడు జంటలుగానూ వాళ్లే. మొదట తికమకే, తర్వాత వదలదు.

రిస్క్: యుగోస్లావియా సైన్యం సంగతి తెలియకపోతే బ్రెషాన్ జోకులు సగం అర్థం కావు.

ఫ్రెండ్స్‌తో అయితే బ్రెషాన్, ఒక్కరే అయితే మతానిచ్. బాంబుల మోతే కావాలంటే రెండూ వద్దు.