సర్వ్‌లెట్ మ్యాపింగ్: పన్నెండేళ్ల వాడకం తర్వాత

ఏ వెబ్ చిరునామాకు ఏ సర్వ్‌లెట్ (రిక్వెస్టుకు జవాబిచ్చే జావా ప్రోగ్రామ్) పలకాలన్నది పన్నెండేళ్లుగా రాస్తూనే ఉన్నాను, మొదట్లో వెబ్.ఎక్స్‌ఎంఎల్ అనే సెట్టింగుల ఫైలులో, తర్వాత ఎక్కువగా, 2009లో సర్వ్‌లెట్ 3.0తో వచ్చిన వెబ్‌సర్వ్‌లెట్ ఎనోటేషన్‌తో, అంటే క్లాసు పైన కోడ్‌లోనే రాసే గుర్తుతో.

ఇందులో నాకు నచ్చినది నియమాలు తక్కువగా ఉండటం. కంటైనర్ (సర్వ్‌లెట్లను నడిపే సర్వర్) ముందు అచ్చంగా సరిపోయే నమూనాను వెతుకుతుంది. అది దొరకకపోతే /* తో ముగిసేవాటిలో అన్నిటికంటే పొడవుగా సరిపోయేదాన్ని, అదీ లేకపోతే *.డూ వంటి ఎక్స్‌టెన్షన్‌ను, చివరికి ఒంటి స్లాష్‌తో రాసే డిఫాల్ట్ సర్వ్‌లెట్‌ను (మామూలుగా ఫైళ్లను ఉన్నవి ఉన్నట్టు పంపేది) ఎంచుకుంటుంది. ఫైలులో ఏది ముందు రాశామన్నదానితో దీనికి నిమిత్తం లేదు.

ఇబ్బందంతా ఆ నక్షత్రం (*) గుర్తుతోనే. నా తొలి అప్లికేషన్‌లో స్లాష్ ఒక్కటి రాయవలసిన చోట /* రాయడంతో, సర్వ్‌లెట్ జేఎస్‌పీకి (పేజీని తయారుచేసే ఫైలుకు) ఫార్వర్డ్ చేసిన రిక్వెస్టు మళ్లీ అదే సర్వ్‌లెట్‌కు చేరి, స్టాక్ (కాల్స్‌ను గుర్తుంచుకునే మెమరీ) నిండిపోయేదాకా తిరుగుతూనే ఉండేది. నక్షత్రం తీసేశాక జేఎస్‌పీలు పనిచేశాయి గాని, డిఫాల్ట్ సర్వ్‌లెట్ స్థానాన్ని నాది ఆక్రమించినందువల్ల సీఎస్‌ఎస్ ఫైళ్లు, బొమ్మలు రావడం మానేశాయి. టామ్‌క్యాట్ అనే కంటైనర్‌లో డిఫాల్ట్ అన్న పేరుతో ఉన్న సర్వ్‌లెట్‌కే *.సీఎస్‌ఎస్ వంటి నమూనాలను విడిగా అప్పగించవలసి వచ్చింది. /నివేదిక* అని రాస్తే మరీ విచిత్రం: అక్కడ నక్షత్రానికి ప్రత్యేకార్థం లేదు, అది మామూలు అక్షరమే, కంటైనర్ దాన్ని ఒప్పుకుంటుంది, పేజీ అడిగినప్పుడు మాత్రం 404 (పేజీ దొరకలేదు) ఇస్తుంది.

రోజువారీ పనికి /వస్తువులు/* నమూనా చాలా అనుకూలం. /వస్తువులు/25 అడిగినప్పుడు చిరునామాలో మిగిలిన భాగాన్నిచ్చే గెట్‌పాత్‌ఇన్ఫో నుంచి /25 వస్తుంది. అయితే /వస్తువులు అని మాత్రమే అడిగినా ఇదే సర్వ్‌లెట్ పలుకుతుంది, అప్పుడు వచ్చేది నల్, అంటే ఏ విలువా ఉండదు. ఆ తనిఖీ మరచిపోయి నేను ఒకటికి రెండుసార్లు దెబ్బతిన్నాను.

ఎనోటేషన్ రాయడానికి సుఖమే, కానీ సర్వ్‌లెట్లు నలభై దాటాక ఒక చిరునామా ఏ క్లాసులో ఉందో తెలుసుకోవాలంటే కోడంతా గాలించాలి. రెండు క్లాసులకు పొరపాటున ఒకే నమూనా పెడితే టామ్‌క్యాట్ రెండింటి పేర్లూ చెప్పి అప్లికేషన్‌ను ప్రారంభించనివ్వదు. దీన్ని నేను సుగుణంగానే లెక్కిస్తాను. ఫిల్టర్ల (రిక్వెస్టు సర్వ్‌లెట్‌కు చేరకముందే నడిచే కోడ్) విషయంలో మాత్రం రాజీపడలేను: ఎనోటేషన్‌తో పెట్టిన ఫిల్టర్లు ఏ వరుసలో నడుస్తాయో ప్రమాణంలో హామీ లేదు, వెబ్.ఎక్స్‌ఎంఎల్‌లో రాసిన వరుసే అమలవుతుంది. అందుకే లాగిన్ తనిఖీ ఫిల్టర్‌ను ఈనాటికీ ఆ ఫైలులోనే ఉంచుతున్నాను.

టామ్‌క్యాట్ 10కు మారేవారికి ఒక మాట. అక్కడ జావాఎక్స్ ప్యాకేజీ పేరు జకార్తాగా మారింది; పాత పేరుతో ఉన్న ఎనోటేషన్‌ను సర్వర్ గుర్తించదు, సర్వ్‌లెట్ నమోదే కాదు. మా అప్లికేషన్ ఏ ఫిర్యాదూ లేకుండా లేచి, అన్ని చిరునామాలకూ 404 ఇస్తూ కూర్చుంది.