షికాగోలో 1893 నాటి ఎగ్జిబిషన్ జాడ వెతుక్కుంటూ

ముప్ఫై ఏళ్ళు హైస్కూల్లో సోషల్ చెప్పాను. 1893లో వివేకానందుడు షికాగో సర్వమత మహాసభలో మాట్లాడాడని ఎన్ని బ్యాచ్‌ల పిల్లలకి చెప్పానో లెక్కలేదు. ఆ సభ ఓ పెద్ద ప్రపంచ ఎగ్జిబిషన్‌కి అనుబంధంగా జరిగిందని మాత్రం ఏ క్లాసులోనూ చెప్పలేదు. నాకే తెలియదు మరి! రిటైరయ్యాక తీరిగ్గా చదువుకుంటే, అసలు తిరునాళ్ళంతా ఆ ఎగ్జిబిషన్‌దేనని అర్థమైంది. కొలంబస్ అమెరికా చేరి నాలుగు వందల ఏళ్ళయిందని చేసిన ఉత్సవం. మే 1 నుంచి అక్టోబరు 30 దాకా నడిచింది. గేట్ల దగ్గర నమోదైన ప్రవేశాలు దాదాపు 2 కోట్ల 70 లక్షలు.

2024లో వినాయక చవితి షికాగో పక్కనున్న నేపర్‌విల్‌లో మా అమ్మాయి ఇంట్లో చేసుకున్నాం. మూడు రోజుల తర్వాత మా వారూ నేనూ ఆ చోట్లు చూద్దామని బయలుదేరాం. రోజూ ఇంటి నుంచి తిరగడం కష్టమని డౌన్‌టౌన్‌లో రెండు రాత్రులకి హోటల్ బుక్ చేసింది అమ్మాయి.

ముందు బస సంగతి. గది శుభ్రంగానే ఉంది కానీ కిటికీ తెరిస్తే ఎదురుగా ఇటుక గోడ. అంతకన్నా మండిపోయిన విషయం, బుకింగ్‌లో మా కంట పడని ఏదో ‘ఫీజు’ గది ఖాళీ చేసేటప్పుడు రోజుకింత అని కలిపారు. మా వారు ప్రతి డాలరునీ ఎనభై నాలుగుతో గుణించే మనిషి. ఆ పూట ఆయనతో మాట్లాడకపోవడమే మంచిదనిపించింది. అయినా డౌన్‌టౌన్‌లో దిగడం తప్పని అనను. మిలీనియం స్టేషన్‌కీ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌కీ నడిచే వెళ్ళొచ్చు. కారు మాత్రం తీసుకెళ్ళకండి, పార్కింగ్ ఖర్చు చూస్తే టెన్షన్ వస్తుంది.

ఆయన్ని చల్లబరచడానికి ఓ సంగతి చెప్పాను. 1893 ఆగస్టు 20న వివేకానందుడు మద్రాసులోని తన శిష్యుడు అళసింగ పెరుమాళ్‌కి రాసిన ఉత్తరంలో ఇదే గోడు ఉంది. సగటున రోజుకి ఒక పౌను ఖర్చవుతోందని, ఒక్క చుట్టకి మన డబ్బుల్లో ఎనిమిదణాలని రాశాడు. ఎగ్జిబిషన్ పూర్తిగా చూడాలంటే కనీసం పది రోజులు పడుతుందనీ అన్నాడు. సభ సెప్టెంబరులో అయితే ఆయన జూలై చివరికే షికాగో చేరుకున్నాడు. ఇక్కడి ఖర్చులు భరించలేక బోస్టన్ వైపు వెళ్ళిపోయాడు. “స్వామీజీకే తప్పలేదన్నమాట,” అని మా వారు కాస్త మెత్తబడ్డారు.

మంగళవారం, ఆ సభ జరిగిన ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియానికి వెళ్తే తలుపులు మూసి ఉన్నాయి. మంగళవారం సెలవట, చూసుకోకపోవడం మా తప్పే. బయట మిషిగన్ ఎవెన్యూ మీద ‘స్వామి వివేకానంద వే’ అన్న గౌరవ బోర్డు చూసి ఫొటో దిగాం. అక్కడి నుంచి నేవీ పియర్‌కి పోయి జెయింట్ వీల్ ఎక్కాం. ఎత్తు 200 అడుగులకి కాస్త తక్కువ. ఏసీ పెట్టె, సరస్సు గాలి, ఊరంతా కళ్ళ ముందే. బాగుంది కానీ అంత డబ్బు పెట్టి రెండోసారి ఎక్కను. 1893లో జార్జ్ ఫెర్రిస్ కట్టిన మొదటి చక్రం 264 అడుగులు. 36 పెట్టెలు, పెట్టెకి 60 మంది. అంటే ఒకేసారి రెండు వేల పైచిలుకు జనం గాల్లో! పారిస్ వాళ్ళ ఐఫిల్ టవర్‌కి దీటుగా ఏదో ఒకటి నిలబెట్టాలన్న పంతంతో కట్టారు. ఎగ్జిబిషన్ ప్రవేశానికి యాభై సెంట్లయితే, ఈ ఒక్క రాట్నానికీ యాభై సెంట్లే. ఆ రోజుల్లో మా వారు ఉంటే కిందే నిలబడి చూసేవారు.

బుధవారం సెప్టెంబరు 11. వివేకానందుడు మాట్లాడిన తేదీ. ఆ రోజు ఎగ్జిబిషన్ జరిగిన జాక్సన్ పార్క్‌కి కేటాయించాం. మిలీనియం స్టేషన్‌లో మెట్రా ఎలక్ట్రిక్ రైలెక్కితే 59వ వీధి స్టేషన్‌కి ఎంతోసేపు పట్టదు. టికెట్ చవక, బోగీలో సగం సీట్లు ఖాళీ. అప్పట్లో జనాన్ని మోసుకొచ్చిన ఇల్లినాయ్ సెంట్రల్ రైలు దారి ఇదే.

స్టేషన్‌కి పడమర వైపు మిడ్‌వే, అంటే ఎగ్జిబిషన్‌లో వినోదాలు పెట్టిన చోటు. మైలు పొడవునా పచ్చగడ్డి, అటూ ఇటూ రోడ్లు, ఓ పక్క యూనివర్సిటీ భవనాలు. ఫెర్రిస్ చక్రం తిరిగిందీ, ఈజిప్టు బజారుకి నకలుగా ‘కైరో వీధి’ వెలిసిందీ ఇక్కడే. ఇప్పుడు కుర్రాళ్ళు బంతాట ఆడుకుంటున్నారు. వీడియో కాల్‌లో చూపిస్తే మా మనవడు, “అమ్మమ్మా, ఇక్కడ ఏమీ లేదు కదా!” అన్నాడు. నిజంగానే లేదు. ఏదైనా మిగిలి ఉంటుందన్న ఆశతో వెళ్తే కాళ్ళ నొప్పులే మిగులుతాయి. చదువుకుని వెళ్తే మాత్రం ఆ గడ్డి మీదే బోలెడు కనిపిస్తుంది.

ఎందుకు మిగల్లేదంటే, అవి మిగలడానికి కట్టినవి కావు. లోపల ఇనుప, చెక్క చట్రాలు. పైన ప్లాస్టరు, సిమెంటు, జనపనార పీచు కలిపిన పూత. దానికి తెల్లరంగు వేస్తే పాలరాతి నగరంలా మెరిసిందట. మన చవితి పందిళ్ళలో కొబ్బరి పీచు, ప్లాస్టరుతో చేసే విగ్రహాలు గుర్తొచ్చాయి నాకు. నిమజ్జనం కూడా జరిగింది, కాకపోతే నీళ్ళలో కాదు. 1894లో చాలా భవనాలు మంటల్లో పోయాయి.

ఉన్నచోటే నిలిచిన పెద్ద భవనం ఒక్కటే, అప్పటి కళాభవనం. అగ్నిభయం లేని కట్టడమైతే తప్ప బయటి దేశాలు తమ పెయింటింగులు పంపడానికి ఒప్పుకునేవి కావు, అందుకే దాన్ని ఇటుకతో కట్టారు. తర్వాత రాతి తొడుగు వేశారు. ఇప్పుడది మ్యూజియం ఆఫ్ సైన్స్ అండ్ ఇండస్ట్రీ, 2024లో పేరు ముందు గ్రిఫిన్ అని చేరింది. టికెట్ మనిషికి పాతిక డాలర్ల పైమాటే. అక్కడున్న జర్మన్ జలాంతర్గామి లోపలికి వెళ్ళాలంటే మళ్ళీ వేరే టికెట్. పిల్లలుంటే ఒక రోజంతా చాలదు. మాలాగా 1893 కోసమే వెళ్ళేవాళ్ళు మాత్రం లోపల కంటే బయటే ఎక్కువ సేపు గడపాలి. ఉత్తరం వైపు ద్వారం చూసి వెనక్కి తిరగకండి. చుట్టూ నడిచి దక్షిణం వైపుకి రండి. అక్కడ చెరువు, మెట్లు, పైన కప్పు మోస్తున్న రాతి స్త్రీలు. ఎగ్జిబిషన్‌కి వచ్చినవాళ్ళు నీళ్ళ మీదుగా చూసిన ముఖం ఇదే. దీనికి టికెట్ లేదు.

అక్కడి నుంచి వంతెన దాటితే వుడెడ్ ఐలాండ్. మా ట్రిప్‌లో అన్నిటికన్నా నచ్చిన చోటు ఇదే, ఇదీ ఉచితమే. తోటలన్నీ తీర్చిదిద్దిన ఫ్రెడరిక్ లా ఓమ్‌స్టెడ్ ఈ దీవిలో జనం కాసేపు ప్రశాంతంగా ఉండాలనుకున్నాడు. జపాన్ వాళ్ళు ఇక్కడే ఫీనిక్స్ మందిరం కట్టారు. 1946లో అది తగలబడింది. ఇప్పుడక్కడ జపనీస్ తోట, దాని పక్కన జపాన్ కళాకారిణి యోకో ఓనో పెట్టించిన పన్నెండు ఉక్కు తామర రేకులు. బెంచీ మీద కూర్చుని అమ్మాయి కట్టిచ్చిన పులిహోర తిన్నాం. గడ్డి మీద కూర్చుందామనుకోకండి, బాతుల పుణ్యమా అని అడుగు పెట్టే చోటు లేదు. వాష్‌రూమ్ పని మ్యూజియంలోనే ముగించుకుని రావడం మంచిది.

బంగారు రంగు రిపబ్లిక్ విగ్రహం దాకా మోకాళ్ళు ఏడుస్తుండగా నడిచాం. ఎగ్జిబిషన్‌లో నిలబెట్టిన అసలుది 65 అడుగులు, ఇప్పుడున్నది 1918లో పెట్టిన 24 అడుగుల నకలు. ఓపిక లేకపోతే వదిలేసినా నష్టం లేదు.

గురువారం మళ్ళీ ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్. టికెట్ ధర వినగానే మా వారు తల పట్టుకున్నారు. కానీ ఈ డబ్బు దండగ కాదు. వివేకానందుడు మాట్లాడింది ఈ భవనంలోనే. అప్పటి హాలు ఇప్పుడు ఆ రూపంలో లేదు. గుమ్మం ముందు జనం ఫొటోలు దిగే రెండు సింహాలు 1894లో వచ్చాయి, అంటే ఆ ఉపన్యాసానికి తర్వాతే. మెట్ల మీద నిలబడి, 1893 ఫిబ్రవరిలో మన సికింద్రాబాద్ మహబూబ్ కాలేజీలో ఆయన ఇచ్చిన ఉపన్యాసం గురించి మా వారికి చెప్పాను. పక్కనే నిలబడ్డ సెక్యూరిటీ ఆవిడ ‘ఏమంటున్నారు’ అన్నట్టు నవ్వింది. మంటలకి దొరక్కుండా మిగిలిన ఫీనిక్స్ మందిరపు చెక్కడపు పలకలు కూడా ఈ మ్యూజియం దగ్గరే ఉన్నాయి. వుడెడ్ ఐలాండ్ చూశాక ఇక్కడికి రావడమే సరైన వరస. మంగళవారం తలుపులు మూసి ఉండటం ఒకందుకు మంచిదే అయింది.

దీవి దగ్గర 2013లో చెరీ మొక్కలు నాటారట, ఎగ్జిబిషన్ జరిగి 120 ఏళ్ళయిందని. మేం చూసింది ఒట్టి ఆకుల్నే. పూతకాలం వసంతంలోనట. తిరుగు రైల్లో అమ్మాయి ఫోన్ చేసి, “అయితే వచ్చే ఏప్రిల్‌కి మళ్ళీ రండి, టికెట్లు చూడనా?” అంది. మా వారు జేబులోంచి పెన్ను తీశారు.