విండోస్, మ్యాక్, లినక్స్ మధ్య సాంబా: ఏళ్ల వాడకం తర్వాత

పాలకొల్లులో మా డీటీపీ ఆఫీసులో టైపు పనంతా విండోస్ సిస్టమ్‌ల మీద, ఫొటోల పని మ్యాక్ మీద జరుగుతుంది. ఫైళ్లన్నీ ఉబుంటు 22.04 సర్వర్‌లో ఉంటాయి. మూడింటినీ కలిపేది సాంబా. 1992లో ఆండ్రూ ట్రిడ్జెల్ మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్‌ని ఫైళ్లు పంచుకోవడానికి నిశ్చింతగా నమ్మొచ్చు. చిక్కులొచ్చేది లాగిన్ దగ్గర, ఫైలు పేర్ల దగ్గర, కేబుల్ దగ్గర.

ముందు రౌటర్‌లో సర్వర్‌కి ఒక ఐపీ ఖాయం చెయ్యండి, 192.168.1.10 అనుకుందాం. ఒక్కొక్కరికీ లినక్స్‌లో యూజర్ తెరిచాకే సాంబా పాస్‌వర్డ్ పెట్టడం కుదురుతుంది. తర్వాత లినక్స్ పాస్‌వర్డ్ మార్చినా సాంబాది పాతదే ఉంటుంది. సాంబా సెట్టింగ్ ఫైల్లో షేర్ (అందరూ పంచుకునే ఫోల్డర్) కింద ఫోర్స్ గ్రూప్ ఇచ్చి, కొత్త ఫైళ్ల, ఫోల్డర్ల అనుమతులు చెప్పే క్రియేట్ మాస్క్ 0664, డైరెక్టరీ మాస్క్ 0775 పెడితే ఒకరు చేసిన శుభలేఖ ఇంకొకరికి రీడ్ ఓన్లీగా తెరుచుకునే బాధ ఉండదు. సెట్టింగ్ మార్చిన ప్రతిసారీ తప్పులు చూపించే టెస్ట్‌పార్మ్ కమాండ్ కొట్టి చూశాకే రీస్టార్ట్ చెయ్యండి.

పాస్‌వర్డ్ లేని గెస్ట్ షేర్ జోలికి పోవద్దు. విండోస్ 11 24హెచ్2 ప్రోలో ఎస్ఎంబీ (సాంబా, విండోస్ ఫైళ్లు పంచుకునే పద్ధతి) సైనింగ్, అంటే ప్రతి సందేశానికీ డిజిటల్ సంతకం, తప్పనిసరి. ఆ సంతకానికి కావలసిన తాళం లాగిన్ నుంచే పుడుతుంది, గెస్ట్‌కి అది ఉండదు కాబట్టి తలుపు తెరుచుకోదు. విండోస్ అడిగినప్పుడు పిన్ కాదు, సాంబా పాస్‌వర్డే కొట్టాలి. 1219 ఎర్రర్ వచ్చిందంటే అదే సర్వర్‌కి ఇంకో పేరుతో ఇదివరకే కనెక్షన్ ఉన్నట్టు. నెట్ యూజ్ కమాండ్‌తో పాతవన్నీ తెంపేసి మళ్లీ లాగిన్ అవ్వాలి.

నెట్‌వర్క్ ఐకాన్‌లో సర్వర్ కనబడకపోతే సాంబా పాడైందనుకోకండి. పేర్లు చూపించే పాత పద్ధతి, ఎస్ఎంబీ మొదటి వెర్షన్ అయిన ఎస్ఎంబీ1తోపాటే పోయింది. సాంబా 4.11 నుంచి ఎస్ఎంబీ1 మామూలుగా ఆపేసి ఉంటుంది. సర్వర్ పేరుని విండోస్‌కి చాటే డబ్ల్యుఎస్‌డీడీ ప్రోగ్రామ్ వేస్తే పేరు మళ్లీ కనబడుతుంది. నా ఓటు మాత్రం ఐపీతో డ్రైవ్ మ్యాప్ చేసుకోవడానికే. పాత జెరాక్స్ మెషిన్ ఫోల్డర్‌కి స్కాన్ పంపడానికి ఎస్ఎంబీ1 అడిగితే దానికి ఎఫ్‌టీపీ పెట్టండి. ఒక్క మెషిన్ కోసం ఎస్ఎంబీ1 తెరవడం ప్రమాదం, 2017లో వనాక్రై వైరస్ పాకింది ఆ దారినే.

మ్యాక్ ఉన్నచోట కేటియా, ఫ్రూట్, స్ట్రీమ్స్ ఎక్స్‌ఆటర్ (streams_xattr) అనే సాంబా మాడ్యూల్స్ ఇదే వరసలో, సెట్టింగ్ ఫైల్లో అన్ని షేర్లకీ వర్తించే గ్లోబల్ భాగంలోనే పెట్టాలి. నెట్‌వర్క్‌లో డిలీట్ చేసిన ఫైలు విండోస్ రీసైకిల్ బిన్‌లోకి రాదు, అందుకు రీసైకిల్ మాడ్యూల్ కావాలి. దాన్ని షేర్ కింద వేరే లైన్‌గా రాస్తే గ్లోబల్‌లో రాసింది ఆ షేర్‌కి చెల్లదు. ఈ నాలుగు మాడ్యూల్సూ ఒకే లైన్‌లో ఉండాలి.

తెలుగు పేర్ల సంగతి ఎవరూ పెద్దగా రాయరు. సర్వర్‌లోని ఈఎక్స్‌టీ4 డిస్కులో పేరుకి హద్దు 255 బైట్లు. సర్వర్ పేర్లు దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తు (హల్లు, పొల్లు, గుణింతం విడివిడిగా) ఒక్కోటి 3 బైట్లు, అంటే మొత్తం 85 గుర్తులు. అందులో 'స్త్రీ' ఒక్కటే 6 గుర్తులు, 18 బైట్లు. విండోస్ లెక్క వేరు, అది బైట్లు కాదు, గుర్తులు లెక్కపెడుతుంది. అక్కడ ఇబ్బంది లేకుండా సేవ్ అయిన పొడుగు పేరు సర్వర్‌కి ఎక్కదు. పేరులో వధూవరుల పేర్లు, ఊరు, తేదీ అన్నీ ఇరికించే అలవాటుంటే ఇది తప్పకుండా తగులుతుంది.

రెండోది ఐత్వం. పాత మ్యాక్‌ల హెచ్ఎఫ్ఎస్ ప్లస్ డిస్కు 'రైతు'లోని ఐత్వాన్ని ఎత్వం, దాని కింది గుర్తు అని రెండుగా విడగొట్టి దాస్తుంది. ఆ డిస్కు నుంచి కాపీ చేసే ఆర్‌సింక్ కమాండ్‌తో, అదే పేరుతో ఫైలు ఇదివరకే ఉన్న సర్వర్‌కి తెస్తే చూడటానికి ఒకేలా ఉన్న రెండు 'రైతు' ఫైళ్లు తయారవుతాయి, వెతికితే ఒకటే దొరుకుతుంది. పేర్లు మార్చే కన్వ్‌ఎంవీ కమాండ్‌ని, విడిపోయిన గుర్తుల్ని కలిపే ఎన్ఎఫ్‌సీ ఆప్షన్‌తో నడిపితే పేర్లన్నీ ఒక తీరుకొస్తాయి.

ఇక కేబుల్. గిగాబిట్‌కి నాలుగు జతల తీగలూ కావాలి, 100 ఎంబీపీఎస్‌కి రెండు చాలు. నరసాపురం వైపు ఉప్పుగాలికి ఆర్‌జే45 పిన్‌లు చిలుము పట్టి, 100కి అక్కర్లేని జతల్లో ఒకటి పోతే, లింక్ మామూలుగా తెగదు, 100కి పడిపోతుంది. సెకనుకి 110 ఎంబీ దాకా కాపీ అయ్యేది 11 దగ్గర ఆగితే సాంబా సెట్టింగ్‌లు కెలకొద్దు. సర్వర్‌లో ఈథ్‌టూల్ కమాండ్‌తో లింక్ స్పీడ్ చూసి కొన కత్తిరించి కొత్త కనెక్టర్ వెయ్యండి. పక్క బిల్డింగ్‌కి లైన్ లాగాలంటే రాగి తీగ వద్దు, ఫైబర్ వెయ్యండి. దగ్గర్లో పిడుగు పడితే రాగి తీగ వెంట రెండు వైపుల స్విచ్‌లూ మాడిపోతాయి.