“రేసుకు సిద్ధం” అని అమ్మే పాత 500 సీసీ స్పెషల్‌తో జాగ్రత్త

అమ్మినాయన ఎవరో ఈ పాత బ్రిటిష్ రేసు కార్ల కోసం వెతికేవాళ్లకి చెప్పక్కర్లేదు. 1949లో షెడ్డులో కట్టిన 500 సీసీ స్పెషల్, అంటే ఇంట్లో ఒక్కటిగా కట్టుకున్న రేసు కారు, అన్నాడు. తరహా తెలిసిందే: 1946లో ఇంగ్లండ్‌లో కూపర్ తండ్రీకొడుకులు రెండు ఫియట్ టోపొలినో చిన్న కార్ల ముందు భాగాల్ని వీపుకి వీపు కలిపి, వెనక జాప్ కంపెనీ సింగిల్ సిలిండర్ మోటార్‌సైకిల్ ఇంజన్ పెట్టి చెయిన్‌తో నడిపారు. ఇదీ ఆ దారిలో కట్టిందే.

“ఎక్కి తోలడమే, రేసుకు సిద్ధం” అని ప్రకటన. డబ్బు చేరింది, కారొచ్చింది. వెనక కమాన్ కట్ట మీద నల్ల పెయింటు మరీ దళసరిగా ఉంటే బ్లేడుతో గీకాను. కట్టలో అన్నిటికన్నా పొడవైన మెయిన్ ప్లేటుకి అడ్డంగా, సెంటర్ క్లాంపుకి రెండు వేళ్ల దూరంలో వెల్డింగ్! గ్రైండర్‌తో నున్నగా రాసి, పుట్టీ మెత్తి మరీ రంగేశాడు మహానుభావుడు.

ఈ కారులో చక్రాన్ని ఛాసిస్‌కి పట్టి ఉంచే ఆర్మ్ పైన వేరే ఉండదు. కింద విష్‌బోన్ (V ఆకారపు ఆర్మ్), పైన అడ్డంగా పడుకున్న ఆ కమాన్ కట్టే ఆర్మ్. స్ప్రింగ్ స్టీలుకి వెల్డింగ్ వేడి తగిలితే పదును పోతుంది, అతుకు పక్కనే పెళుసుబారుతుంది. మలుపులో అది పుటుక్కుమంటే చక్రం లోపలికి పడుకుంటుంది.

ఫోన్ చేస్తే ఏమన్నాడంటే: “ఇది తోలే కారు కాదండీ, చూసుకునే కారు. ఇంట్లో కట్టిందంటే ఇలాగే ఉంటుంది.” నవ్వు కూడా! అమ్మేదాకా తోలే కారు, అమ్మాక బొమ్మల కొలువు.

“ఒరిజినల్ 1949 వెల్డింగ్” అన్న ఛాసిస్ అతుకులన్నీ మిగ్ (గ్యాసు రక్షణలో, తీగ దానంతటదే వస్తూ చేసే వెల్డింగ్). ఉక్కుకి మిగ్ వెల్డింగ్ వాడకంలోకి వచ్చిందే 1950ల్లో! ఇంజన్ మాత్రం నిజం జాపే, బోర్, స్ట్రోక్ 80 × 99 మి.మీ. అయితే మెథనాల్ పోయమని చెప్పి పంపిన కార్బురేటర్‌లో పెట్రోల్‌కి సరిపడే మెయిన్ జెట్ (ఇంధనం వెళ్లే సన్న రంధ్రం). మెథనాల్‌కి ఇంధనం రెట్టింపు పైనే వెళ్లాలి. ఆ జెట్‌తో ఇంధనం చాలక లీనై, గట్టిగా తోలితే పిస్టన్‌కి చిల్లే.

కొనేవాళ్లు కమాన్ కట్ట విప్పించి, పెయింటు తీసిన ఒక్కో ప్లేటు ఫొటో అడగండి. క్లాంపు దగ్గరా, ప్లేటు చివర కంటి దగ్గరా డై పెనెట్రెంట్ (పగుళ్లని చూపించే రంగు ద్రవం) వేయించండి. పగులుంటే కొత్త ప్లేటు చేయించాలి, అతుకు వేయించకూడదు. విప్పనంటే బేరం వదిలేయండి.