గొర్రెల నట్టలకు ఆక్యుపంక్చర్ యంత్రం కొనబోతున్నారా? జాగ్రత్త

గొర్రెలు, మేకలు పెంచుతున్న తోటివారందరికీ తెలియాలని ఇది రాస్తున్నాను. సూదులతో నరాలను ప్రేరేపించి జీవాల పేగుల పనితీరును బాగుచేస్తామని, ఆ తర్వాత మందు అక్కర లేకుండానే నట్టలు, అంటే కడుపులోని పురుగులు, వాటంతటవే బయటికి పోతాయని చెప్పి ఒక యంత్రాన్ని, దానితోపాటు మూడు నెలల చికిత్సను ఊళ్లలో అమ్ముతున్నారు. నిరుడు ఆషాఢంలో నేను దానిని 18,500 రూపాయలు పెట్టి కొన్నాను. కార్తీకం వచ్చేసరికి 64 గొర్రెల మందలో 9 పోయాయి. వాటిలో మూడు చూడి గొర్రెలు. వానలు మొదలయ్యే ఈ రోజుల్లో అదే సామగ్రితో అమ్మకందారులు మళ్లీ తిరుగుతున్నారని విన్నాను కనుక, ఆ తొమ్మిది ఎలా పోయాయో దాచకుండా చెబుతాను.

ముందుగా, నేను ఎందుకు నమ్మానో చెప్పాలి. అంతకు ముందు రెండేళ్లుగా మా మందకు నట్టల మందు సరిగా పనిచేయడం లేదు. ఆల్బెండజోల్ తాపిన నెలలోపే జీవాలు మళ్లీ బక్కచిక్కిపోయేవి. అమ్మడానికి వచ్చిన వ్యక్తి మొదట అడిగిన ప్రశ్నే అది: "మీ మందు పనిచేస్తోందా?" లేదన్నాను. మందులకు నట్టలు అలవాటుపడిపోయాయని, ఇక ఏ మందూ పనిచేయదని, దేహంలోని శక్తిని మేల్కొలపడమే దారి అని అతడు చెప్పాడు. ఇందులో మొదటి మాట నిజమే. ఒకే రకం మందును ఏళ్ల తరబడి, తూకం వేయకుండా కంటి అంచనాతో తక్కువగా తాపుతూ వస్తే, మందుకు లొంగని నట్టలే బతికి, వాటి సంతతే మంద అంతటా నిండుతుంది. అయితే అక్కడ చేయవలసిన పని పెంటికలు పరీక్ష చేయించి వేరే వర్గానికి చెందిన మందుకు మారడం. ఒక నిజాన్ని ముందు నిలబెట్టి, దాని వెనుక ఒక అబద్ధాన్ని నడిపించారని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

వారిచ్చిన కరపత్రంలో హార్వర్డ్ పరిశోధన అని పెద్ద అక్షరాలతో ఉంది. ఆ పరిశోధన ఉన్నమాట వాస్తవం. హార్వర్డ్ వైద్య కళాశాలకు చెందిన చ్యూఫూ మా బృందం 2021లో నేచర్ పత్రికలో దానిని ప్రచురించింది. ఎలుకల వెనుక కాలిలో ఒక నిర్దిష్ట స్థానంలో సూది గుచ్చి స్వల్ప విద్యుత్తును పంపితే, ప్రత్యేకమైన కొన్ని నరాల ద్వారా వేగస్ నాడి (మెదడు నుంచి లోపలి అవయవాలకు వెళ్లే నరం), అడ్రినల్ గ్రంథి (మూత్రపిండం మీద ఉండే గ్రంథి) స్పందించి శరీరంలోని వాపు ప్రక్రియ తగ్గుతుందని వారు చూపించారు. ఆ ఎలుకలలో వాపును పుట్టించినది బ్యాక్టీరియా విషపదార్థం. అందులో నట్టలూ లేవు, గొర్రెలూ లేవు. డబ్బు చెల్లించే ముందు ఈ వివరం ఎవరినైనా అడిగి తెలుసుకొని ఉంటే బాగుండేది.

చికిత్స చూడటానికి నమ్మకం కలిగించేలాగే ఉంటుంది. బ్యాటరీతో నడిచే ఒక చిన్న పెట్టె, దాని నుంచి నాలుగు తీగలు, చివర క్లిప్పులు. వెనుక కాలి మోకాలి కింద బయటివైపు ఒక సూది, తోక మొదలుకూ మలద్వారానికీ నడుమ ఉన్న గుంటలో మరొక సూది గుచ్చి, పావుగంట సేపు కరెంటు పెట్టేవారు. తోక దగ్గరి స్థానాన్ని చైనా పశువైద్యంలో విరేచనాలకు వాడటం పాత పద్ధతే. సూది దిగగానే గొర్రె తోక రెండుసార్లు కొట్టుకొని తర్వాత నిదానించేది. అప్పుడు అతడు నా చేతిని పట్టుకొని గొర్రె ఎడమ డొక్క మీద పెట్టించి, పొట్ట కదలికలను లెక్కపెట్టమన్నాడు. పిడికిలి కింద అల వచ్చినట్టు నిమిషానికి రెండుసార్లు డొక్క లేచింది. "చూశారా, పేగులు మేల్కొన్నాయి" అన్నాడు. ఆరోగ్యంగా ఉన్న గొర్రెకు నిమిషానికి ఒకటి రెండుసార్లు అలా కదలడం మామూలేనని, సూదికి ముందు లెక్కపెట్టకుండా తర్వాత మాత్రమే లెక్కపెడితే దేనికీ రుజువు కాదని నాకు ఆ రోజు తోచలేదు.

రెండు వారాల్లో జీవాల పారుడు (విరేచనాలు) తగ్గి పెంటికలు గట్టిపడ్డాయి. మా ఇంట్లో అందరం సంతోషించాం. తొలకరికి మొలిచిన లేత గడ్డి ఒక్కసారిగా మేస్తే జీవాలకు పలచగా పారుతుందని, కడుపు ఆ గడ్డికి అలవాటుపడగానే దానంతటదే కట్టుకుంటుందని తర్వాత పశువైద్యాధికారి చెప్పారు. అంటే సూదులు పెట్టకపోయినా ఆ మార్పు వచ్చేది.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ మోసం చేసినది గొంతు కింది వాపు. భాద్రపదంలో కొన్ని గొర్రెలకు సాయంత్రం మేత నుంచి వచ్చేసరికి దవడ కింద నీటి సంచిలా మెత్తగా వేలాడేది. వేలితో నొక్కితే గుంట పడి కాసేపు అలాగే ఉండేది. అమ్మకందారుకు ఫోన్ చేస్తే అతడు సాయంత్రం వచ్చి సూదులు పెట్టి వెళ్లాడు. తెల్లవారి చూస్తే వాపు చాలావరకు లేదు. నాకు నమ్మకం కుదిరింది. ఆ తర్వాత అలాంటి ప్రతి సాయంత్రం ఫోన్ చేసి, వచ్చినప్పుడల్లా 1,200 రూపాయలు ఇచ్చాను. అసలు సంగతి ఏమిటంటే, రక్తంలో మాంసకృత్తులు తగ్గిపోయినప్పుడు నీరు రక్తనాళాల నుంచి బయటికి ఊరుతుంది. గొర్రె పగలంతా తల వంచి మేస్తుంది కనుక ఆ నీరు దవడ కిందికి దిగుతుంది. రాత్రి తల ఎత్తి పడుకొని నెమరు వేసేసరికి అది సర్దుకుంటుంది. సూది పెట్టినా పెట్టకపోయినా పొద్దునకు వాపు తగ్గేదే. దానిని నేను నయం కావడమనుకున్నాను, లోపల మాత్రం రక్తం రోజురోజుకూ పోతూనే ఉంది.

మా పెద్దనాయిన అరవై ఏళ్లుగా గొర్రెలతోనే ఉన్న మనిషి. ఆయన ఒక పొద్దున గొర్రె తల ఒడిలో పెట్టుకొని, బొటనవేలితో కింది రెప్పను కిందికి లాగి నాకు చూపించాడు. లోపల దానిమ్మ గింజలా ఎర్రగా ఉండవలసిన పొర సున్నం పూసినట్టు తెల్లగా ఉంది. "రెప్ప పాలిపోయింది బిడ్డా, సూదుల సంగతి తర్వాత, ముందు మందు తాపియ్యి" అన్నాడు. నేను వినలేదు. దానికి కారణం రసీదు వెనుక ఉన్న ఏడో షరతు: చికిత్స సాగుతున్న మూడు నెలల్లో ఏ నట్టల మందు వాడినా నరాల స్పందన దెబ్బతింటుంది, హామీ వర్తించదు. కట్టిన డబ్బు పోతుందన్న భయంతో పెద్దనాయిన మాట పక్కన పెట్టాను. ఇలాంటి షరతు ఏ కాగితం మీద కనిపించినా అక్కడితో బేరం ఆపేయండి. సూది వైద్యం నేర్చిన పశువైద్యుడెవరూ నట్టల మందు మానమని రాసివ్వడు.

ఆశ్వయుజంలో మొదటి గొర్రె మేతకు వెళ్లే దారిలోనే కూలబడి చనిపోయింది. పది రోజుల్లో మరో నాలుగు. అప్పుడు మండల పశువైద్యశాలకు పరుగెత్తాను. వైద్యాధికారి మా దొడ్డి దగ్గరే శవపరీక్ష చేసి, నాలుగో కడుపును చీల్చి నీళ్లతో కడిగి చూపించారు. లోపలి గోడ మీద సన్నటి దారప్పోగుల్లాంటి పురుగులు, ఒక్కొక్కటి రెండు మూడు సెంటీమీటర్ల పొడవున, ఎరుపూ తెలుపూ పేనినట్టు మెలికలు తిరిగి వందల సంఖ్యలో కదులుతున్నాయి. ఎర్రగా కనబడేది పురుగు తాగిన రక్తమని, తెల్లగా చుట్టుకొని ఉన్నది ఆడపురుగు అండాశయమని ఆయన చెప్పారు. దాని పేరు హీమాంకస్ కంటార్టస్. కింద పేగుల్లో కాయలు కట్టించే మరో రకం నట్టలు కూడా ఉన్నాయి.

ఈ పురుగు గురించి ప్రతి పెంపకందారు తెలుసుకోవలసిన ముఖ్య విషయం ఒకటుంది. ఇది సాధారణంగా పారుడు పుట్టించదు. ఒక్కో పురుగు రోజుకు సుమారు 0.05 మిల్లీలీటర్ల రక్తం తీస్తుంది. వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. పాతిక కిలోల గొర్రె ఒంట్లో ఉండేదే సుమారు లీటరున్నర రక్తం. నెల తిరిగేసరికి తనలో ఉన్నంత రక్తాన్ని అది పురుగులకు ధారపోస్తుంది, పెంటికలు మాత్రం చక్కగా, గట్టిగానే ఉంటాయి. ఆడపురుగు రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడుతుంది. వాన తడి, వెచ్చదనం ఉంటే వారం రోజుల్లోనే అవి పిల్ల పురుగులై గడ్డి మీదికి పాకుతాయి, గొర్రె కడుపులో చేరిన మూడు వారాలకు మళ్లీ గుడ్లు పెట్టే దశకు వస్తాయి. మూడు నెలలు మందు ఆపడమంటే ఈ చక్రాన్ని మూడు సార్లు అడ్డు లేకుండా తిరగనివ్వడమే.

పేగుల పనితీరు బాగుపడితే నట్టలు పోతాయన్న మాటలో ఉన్న మెలికను కూడా చెప్పాలి. పేగు పురుగులు చేరినప్పుడు శరీరమే జిగురునూ నీటినీ ఎక్కువగా ఊరించి, కదలికను పెంచి, వాటిని ఊడ్చి పంపడానికి ప్రయత్నిస్తుంది. కనుక కదలిక పెరగడం, తగ్గడం అనేవి రోగంలో భాగంగానే జరుగుతుంటాయి. సూదుల వల్ల కదలిక మారినా మారవచ్చు. కానీ నాలుగో కడుపు గోడను కొరికి రక్తం తాగుతున్న పురుగును ఆ మార్పు చంపలేదు. ఆక్యుపంక్చర్ మీద నాకు పగ లేదు. 1974లో మొదలైన అంతర్జాతీయ పశువైద్య ఆక్యుపంక్చర్ సంఘం వంటి సంస్థలు పశువైద్యులకు ఈ విద్యను నేర్పుతున్నాయి, కుక్కల నడుము నొప్పి, గుర్రాల కాళ్ల నొప్పి వంటి వాటికి మందులకు తోడుగా దీనిని వాడేవారున్నారు. తోడుగా వాడటం వేరు, ప్రాణం నిలిపే మందును మాన్పించి దాని స్థానంలో అమ్మడం వేరు.

శవపరీక్ష నాడే వైద్యాధికారి మంద మొత్తం రెప్పలు చూశారు. దక్షిణాఫ్రికాలో ఫాఫా మలాన్ అనే పశువైద్యుడి పేరు మీద వచ్చిన ఫమాచా అనే రంగుల పట్టికతో ఒక్కో గొర్రె రెప్పను పోల్చి, ఎరుపు నుంచి తెలుపు దాకా ఒకటి నుంచి ఐదు అంకెలు వేస్తారు. నాలుగు, ఐదు వచ్చిన వాటిని, మూడు వచ్చిన వాటిలో బక్కగా ఉన్నవాటిని వేరు చేసి, తూకం వేసి, రక్తం తాగే పురుగుల మీద పనిచేసే క్లోజాంటెల్ అనే మందు తాపించారు. అప్పటికే బాగా నీరసించిన నాలుగు నిలవలేదు. మిగిలినవి నెలలో కోలుకున్నాయి. మందు ఇచ్చిన రోజు ఒకసారి, పద్నాలుగో రోజు మరోసారి పెంటికలు తీసుకెళ్లి వాటిలోని నట్టల గుడ్ల లెక్క చేయించాం. ఆ లెక్క కనీసం 95 శాతం తగ్గకపోతే ఆ మందుకు నట్టలు లొంగడం లేదని అనుమానించాలట. నేను రెండేళ్ల క్రితమే ఆల్బెండజోల్ తాపినప్పుడు చేయించవలసిన పరీక్ష అదే.

కొనడానికి సిద్ధపడ్డవారు ఉంటే, ఒక్క పని చేయండి. చికిత్సకు ముందు, మూడు వారాల తర్వాత పెంటికల్లో గుడ్ల లెక్క చేయించి ఆ కాగితం చూపించమని అడగండి. నన్ను అమ్మకందారు డొక్క కదలిక చూడమన్నాడు, పెంటికలు చూడమన్నాడు, మేత చూడమన్నాడు. గుడ్ల లెక్క చూడమని మూడు నెలల్లో ఒక్కసారి కూడా అనలేదు. వచ్చిన వ్యక్తి రాష్ట్ర పశువైద్య మండలిలో నమోదైన వైద్యుడేనా, నమోదు సంఖ్య ఎంత అని కూడా అడగండి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం నమోదు లేనివారు పశువైద్యం చేయకూడదు. నేను అడిగినప్పుడు, అది యంత్రమే కాని వైద్యం కాదని అతడు జవాబిచ్చాడు. జబ్బు చేసిన జీవాలు కనబడితే 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.

ఇప్పటికే కొని నష్టపోయినవారు వెనకాడవద్దు. గొర్రెల పెంపకం వ్యాపారం కనుక మనం వినియోగదారులం కాదని ఆ అమ్మకందారు నన్ను భయపెట్టాడు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో, స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్న వస్తువును వ్యాపార ప్రయోజనంగా లెక్కించరాదని స్పష్టంగా ఉంది. 5 లక్షల రూపాయల లోపు కొనుగోలుకు జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదుకు రుసుము లేదు, నష్టం జరిగిన నాటి నుంచి రెండేళ్ల లోపు వేయాలి. ముందుగా వినియోగదారుల సహాయ నంబరు 1915లో సలహా అడగవచ్చు. నేను రసీదు, కరపత్రం, ఫోన్ సందేశాలు, శవపరీక్ష నివేదిక, గుడ్ల లెక్క కాగితాలు జత చేసి ఫిర్యాదు వేశాను. రసీదు ముందు వైపు మాత్రమే నకలు తీసుకొని వెళితే కమిషన్ కార్యాలయంలో వెనుక వైపు కూడా కావాలన్నారు. ఏడో షరతు ఉన్నది అక్కడే కనుక, మీ రసీదులను రెండు వైపులా ఇప్పుడే ఫోటో తీసి భద్రపరచుకోండి.