దవడకు కాలి ఎముక: కంప్యూటర్ ప్లానింగ్‌తో ఆరేళ్లు

నోటి క్యాన్సర్‌లో కింది దవడ ముక్క తీసేస్తే, ఆ ఖాళీని కాలి ఎముకతో పూడుస్తాం. పిక్క పక్కనుండే సన్నటి ఎముక, ఫిబ్యులా. దీన్ని దవడకు వాడిన అనుభవాన్ని అమెరికన్ సర్జన్ హిడాల్గో 1989లో ప్రచురించారు. నిటారు ఎముకను రెండు మూడు చోట్ల ఏటవాలుగా కోసి దవడ వంపు తేవాలి. కష్టమంతా ఆ కోణాల దగ్గరే.

ఇదివరకు కంటి అంచనాతోనే కోసేవాణ్ణి. ముక్కలు ఒకదానికొకటి ఆనకపోతే అరగదీయడం, మళ్లీ పెట్టి చూడటం. రక్తనాళం తెంపాక అయితే ఎముకకు రక్తం అందని ప్రతి నిమిషమూ మెడమీద కత్తే.

ఆరేళ్లుగా స్కాన్ బొమ్మలను త్రీడీలో చూపే ‘త్రీడీ స్లైసర్’ అనే సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. ఉచితం. అందులో ‘బోన్ రీకన్‌స్ట్రక్షన్ ప్లానర్’ అనే అదనపు భాగం ఉంది. తెరమీద దవడకు ఎక్కడ కోత పడాలో చూపిస్తే, ఫిబ్యులా మీద ఏ కోణంలో కోయాలో లెక్కగట్టి కటింగ్ గైడ్‌కు, అంటే ఎముకమీద పెట్టి రంపాన్ని సరైన కోణంలో నడిపించే అచ్చుకు, రూపమిస్తుంది. ఇది పరిశోధన కోసం చేసిన సాఫ్ట్‌వేర్, కాబట్టి పేషెంట్ మీద వాడితే బాధ్యత పూర్తిగా మనదే. చీలమండ పైన 6-7 సెంటీమీటర్ల ఎముక వదలాలి, ఏ ముక్కా 2 సెంటీమీటర్ల కన్నా పొట్టిగా ఉండకూడదు. ఈ హద్దులు ప్రతి కేసులో నేనే కొలుచుకుంటాను.

నాకు అన్నిటికన్నా నచ్చింది ప్లేట్ పని. ముందురోజు సాయంత్రం ప్రింట్ చేసిన దవడ మోడల్‌ను బల్లమీద పెట్టుకుని, ఎముక ముక్కల్ని పట్టి ఉంచే టైటానియం ప్లేట్‌ను తీరిగ్గా వంచుతాను. మోడల్‌కూ ప్లేట్‌కూ మధ్య కాగితం దూరనంతవరకూ వదలను. థియేటర్లో అరగంట తినేసే పని అది. మర్నాడు గైడ్‌ను ఎముకమీద పెట్టగానే అటూ ఇటూ కదలకుండా కూర్చుంటే, ఆ రోజు సగం గెలిచినట్టే.

సీటీ స్కాన్ విషయంలో మొహమాటపడకండి. 1 మిల్లీమీటరు లేదా అంతకన్నా పల్చటి స్లైసులే అడగండి. మందపాటి స్లైసులతో తీస్తే మోడల్ మెట్లు మెట్లుగా వస్తుంది, గైడ్ ఆనదు. పళ్లలో లోహపు ఫిల్లింగులుంటే అక్కడ బొమ్మంతా చారలే. ఆ భాగం చేత్తో శుభ్రం చేయడానికి నాకు ఒక్కోసారి రాత్రంతా పట్టింది. కాలి రక్తనాళాల కోసం సీటీ యాంజియో తప్పనిసరి. గైడ్ మామూలు పీఎల్‌ఏ ప్లాస్టిక్‌తో ప్రింట్ చేయకండి, క్రిములు చంపే ఆటోక్లేవ్ ఆవిరి వేడికి మెత్తబడి వంగిపోతుంది.

ఒక కేసు ఇప్పటికీ మర్చిపోలేను. గుట్కా అలవాటున్న నలభై ఏళ్ల మనిషి. డబ్బు సర్దుబాటయ్యేసరికి స్కాన్ తీసి ఐదు వారాలు దాటింది. తెరిచి చూస్తే గడ్డ నా గీత దాటి ముందుకొచ్చేసింది. గైడ్ పక్కన పెట్టి పాత పద్ధతిలోనే కోశాను. అతను బతికి బాగున్నాడు గానీ, ఆ తప్పు నాదే: మళ్లీ స్కాన్ చేయించాల్సింది. ఇప్పుడు మూడు వారాలు దాటిన స్కాన్‌తో కత్తి పట్టను. గడ్డ పెరిగి ఉంటే పనికొచ్చేలా, కాస్త వెడల్పు కోతతో రెండో గైడ్ కూడా సిద్ధంగా ఉంచుతాను.

అందుకే జూనియర్లకు ముందు చేత్తో కోయడమే నేర్పుతున్నాను. చేయి తిరిగాకే గైడ్ ఇస్తాను. పై పళ్లకు ఎదురుగా ఎముక సరిగ్గా కుదిరితేనే తర్వాత ఇంప్లాంట్ పళ్లు పెట్టే వీలుంటుంది, ఆ అమరిక నాకు ప్లానింగ్ వచ్చాకే నిలకడగా దొరికింది. మొన్న చెకప్‌కి వచ్చిన ఒక పెద్దావిడ, "జొన్నరొట్టె నమిలి తిన్నానయ్యా" అంది.