మొదటి కెమెరాకు 35 ఎంఎం లెన్సు మేలా, 50 మేలా, రెండు లెన్సుల కిట్టు మేలా?

సంక్రాంతి వెళ్ళినప్పటి నుంచి నన్ను అడుగుతున్న ప్రశ్న ఒక్కటే. 2027లో గోదావరి పుష్కరాలు, ఆలోగా ఒక మంచి కెమెరా చేతికి రావాలి, 40,000 రూపాయలకు మించి పెట్టలేం, కెనాన్ కొనాలా నికాన్ కొనాలా? మా మేనకోడలు కూడా ఇదే అడిగింది. కొనిపెట్టే పని నా మీదే పడింది కాబట్టి, అమలాపురంలో మా వీధి అరుగు మీద కూర్చుని ఇద్దరం వేసుకున్న లెక్కలన్నీ ఇక్కడ రాస్తున్నాను.

కెనాన్, నికాన్ కంపెనీలు 2020 తరువాత కొత్త డిఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే కెమెరా) మోడల్ ఏదీ తేలేదు. అందువల్ల ఈ డబ్బుకు చూడవలసింది ఎక్కువగా వాడిన సరుకే. అది నష్టం కాదు. అద్దం లేని కొత్త రకం, అంటే మిర్రర్‌లెస్‌కు మారినవాళ్ళు అపురూపంగా చూసుకున్న కెమెరాలను అమ్ముతున్నారు. మిర్రర్‌లెస్ మంచివే, కాదనను. కానీ ఈ బడ్జెట్‌లో బాడీ (లెన్సు లేని కెమెరా), దానితో పాటు ఇచ్చే కిట్ లెన్సు కొనేసరికి రెండో లెన్సుకు ఏమీ మిగలదు. నా వాదనంతా ఆ రెండో లెన్సు గురించే.

బాడీల్లో మా ముందు నిలిచినవి మూడు: కెనాన్ 200డి మార్క్ 2, నికాన్ డి5600, నికాన్ డి7200. మూడూ 24 మెగాపిక్సెల్ కెమెరాలే. ఒకే ఫొటోను మూడింటితో తీసి గోడకు తగిలిస్తే ఏది దేనితో తీశారో నేను చెప్పలేను. తేడా వాడకంలో ఉంది. వీడియో తీసేటప్పుడు కెనాన్ 200డి మార్క్ 2 ఫోకస్ మనిషి వెంట మెత్తగా నడుస్తుంది. నికాన్ డి5600 అదే పనికి తడుముకుంటుంది. పెళ్ళి వీడియోలు, యూట్యూబు మీ ఉద్దేశమైతే ఇక ఆలోచించకుండా కెనాన్ తీసుకోండి. డి7200 గట్టి కెమెరా, రెండు కార్డులు పడతాయి, పాత లెన్సులను కూడా ఫోకస్ చేసే మోటారు బాడీలోనే ఉంది. అయితే బ్యాటరీతో కలిపి 765 గ్రాములు. డి5600 బరువు 465. గోదావరి దాటించే పంటు మీద, స్కూటరు మీద రోజూ మెడలో వేసుకు తిరిగే పిల్లకు ఆ 300 గ్రాములు చిన్న సంగతి కాదు.

ఇంకా తక్కువలో కావాలంటే నికాన్ డి3500 చూడండి, కెనాన్ 1500డి చూడండి. కెనాన్ 3000డి మాత్రం వద్దు. లెన్సు బిగించే చోట లోహం బదులు ప్లాస్టిక్ పెట్టారు.

ఇప్పుడు అసలు సంగతి. ఆత్రేయపురంలో మా పెద్దమ్మ వాళ్ళ పక్కింట్లో పూతరేకులు చేస్తారు. బోర్లించిన కుండ, కింద ఎండు కొబ్బరాకుల మంట. గదిలో వెలుతురు ఆ మంటదీ, సగం తెరిచిన తలుపుదీ, అంతే. పక్కింటావిడ పల్చటి బియ్యప్పిండిలో ముంచిన గుడ్డను కుండ మీద ఒక్క ఊపులో పరిచి లాగేస్తుంది. ఆవిరి లేస్తుంది. రేకు అంచు కాస్త విడగానే వేళ్ళతో ఒలిచి పక్కన పెడుతుంది. మొత్తం రెండు మూడు క్షణాల పని.

కిట్ లెన్సు 18-55ను 35 దగ్గర పెట్టి తీశాను (ఇవి మిల్లీమీటర్లు; అంకె చిన్నదైతే ఎక్కువ మేర పడుతుంది, పెద్దదైతే దూరంవి దగ్గరగా పడతాయి). అక్కడ దాని అపర్చరు, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, ఎఫ్ 4.5 కంటే తెరుచుకోదు (ఎఫ్ అంకె చిన్నదయ్యేకొద్దీ రంధ్రం పెద్దది). తక్కువ వెలుతురుకు పెంచుకునే ఐఎస్ఓ 3200 పెట్టినా షట్టరు వేగం సెకనులో 20వ వంతుకు మించి రాలేదు. ముఖం బాగానే వచ్చింది, వేళ్ళూ రేకూ మాత్రం తెల్లటి పొగలా అలికినట్టు అయ్యాయి. లెన్సులోని విఆర్ ఆపేది మన చేతి వణుకును. ఆవిడ చేతి కదలికను అది ఎలా ఆపుతుంది? తరువాత అక్కడే కూర్చుని నికాన్ 35 ఎఫ్ 1.8జి బిగించాను. వెలుతురు ఆరు రెట్లు. అదే ఐఎస్ఓతో షట్టరు 125వ వంతుకు చేరింది. చూపుడు వేలికీ బొటనవేలికీ మధ్య రేకు అంచు సన్నగా మడత పడటం, దాని వెనక మంట ఎర్రగా కనిపించడం ఫొటోలో ఉన్నాయి. పైన చెప్పిన మూడు బాడీల్లో దేన్ని మార్చినా ఈ తేడా రాదు.

మన ప్రాంతంలో ఫొటో తీయాలనిపించే వేళలు చాలావరకు ఇలాంటివే. ధనుర్మాసంలో తెల్లవారకముందే వాకిట్లో ముగ్గు, రాజమహేంద్రవరం పుష్కర ఘాట్‌లో సాయంత్రం హారతి, కోరంగి మడ అడవుల్లో కొమ్మల కింద పడవ. వెలుతురు తక్కువ, మనుషులు కదులుతుంటారు. అందుకే నేను మెగాపిక్సెళ్ళ గురించి కాదు, అపర్చరు గురించి పట్టుబడతాను.

మరి చవకగా దొరికే 50 ఎందుకు కాదు? కెనాన్ 50 ఎఫ్ 1.8 ఎస్‌టిఎం చాలామంది మొదటి ప్రైమ్ (జూమ్ లేని) లెన్సు, దాన్ని తక్కువ చేసి మాట్లాడను. ఒంటరి మనిషి ముఖానికి అది అందం తెస్తుంది. కానీ ఈ కెమెరాల్లో ఫిల్ము స్థానంలో ఉండే సెన్సరు చిన్నది. పాత ఫిల్ము కెమెరా లెక్కలో ఆ 50 కెనాన్‌లో 80 అవుతుంది, నికాన్‌లో 75. మండువా లోగిలిలో నిలబడి నాయనమ్మనూ ఆమె ఒడిలో మనవరాలినీ కలిపి తీయాలంటే వెనక్కి జరిగి జరిగి వీపు గోడకు ఆనుతుంది. 35 అయితే నికాన్‌లో 52కు దగ్గర. మన కంటికి ఎదురుగా ఉన్నట్టు ఉంటుంది, గదిలో ఇముడుతుంది.

సరిగ్గా ఇక్కడే కెనాన్ నాకు లోటుగా తోస్తుంది. చిన్న సెన్సరు కోసం చవకలో 35 ఎఫ్ 1.8 ఆ కంపెనీ చేయలేదు. వాళ్ళ 35 ఎఫ్ 2 ఖరీదైనది. 24 ఎఫ్ 2.8 ఉంది, 125 గ్రాముల ముద్దులొలికే లెన్సు, 16 సెంటీమీటర్ల దగ్గర ఉన్న వస్తువునూ ఫోకస్ చేస్తుంది, కానీ 1.8తో పోలిస్తే వెలుతురు సగం కూడా రాదు. చైనా కంపెనీ యోంగ్‌నువో 35 ఎఫ్ 2 చేస్తుంది, దాని ఫోకస్ మీద నాకు నమ్మకం కుదరలేదు. ఈ ఒక్క కారణంతోనే తక్కెడ నికాన్ వైపు మొగ్గింది.

రెండు లెన్సుల కిట్టు, అంటే 18-55తో పాటు 55-250 లేదా 70-300, దుకాణంలో బాగా ఊరిస్తుంది. రెండు లెన్సులు, ఒకే ధర. ఆటపాక వెళ్ళి కొల్లేటి పెలికాన్లను తీయడమే మీ కోరిక అయితే తప్పకుండా అదే కొనండి, 35తో పక్షి చుక్కలా కనిపిస్తుంది. నికాన్ 70-300 అయితే లెన్సు మీద విఆర్ అని రాసి ఉందో లేదో చూడండి, అది లేని రకం కూడా ఉంది. పక్షుల మీద మనసు లేనివాళ్ళకు మాత్రం ఆ పొడుగు లెన్సు బీరువాలోనే ఉండిపోవడం చూశాను. కిట్ లెన్సును వదులుకోమని అనడం లేదు. కనుమనాడు కోనసీమ జగ్గన్నతోట తీర్థంలో దేవుణ్ణి ఊరేగించే వెదురు ప్రభ అంత ఎత్తున మీద మీదకు వస్తుంటే, గంగలకుర్రు వాళ్ళు భుజాల మీద మోస్తూ కౌశిక నది నీటిలోకి దిగుతుంటే, ఆ జనంలో 18 కావలసిందే. పట్టపగలు కాబట్టి ఎఫ్ 3.5తో పని జరిగిపోతుంది.

వాడిన నికాన్ కొనేటప్పుడు రెండు జాగ్రత్తలు. డి3500, డి5600 బాడీల్లో ఫోకస్ మోటారు లేదు. నా మొదటి నికాన్ కూడా అలాంటి బాడీయే, దానికి సొంత మోటారు లేని 50 ఎఫ్ 1.8డి లెన్సు కొన్నాను. అమ్మినాయన మాట వరసకైనా చెప్పలేదు. ఇంటికి వచ్చాక తెలిసింది, చేత్తో తిప్పి ఫోకస్ చేసుకోవడమే గతి. లెన్సులోనే మోటారు ఉండే, ఎఎఫ్-ఎస్, ఎఎఫ్-పి అని రాసి ఉన్నవే తీసుకోండి. ఎఎఫ్-పి లెన్సు డి3100, డి3200, డి5100 లాంటి పాత బాడీల మీద ఫోకస్ కాదని కూడా గుర్తుంచుకోండి.

రెండోది బూజు. మన గాలిలో చెమ్మ ఎక్కువ, తోలు సంచిలో మూసి పెట్టిన లెన్సుకు అది ఇట్టే పడుతుంది. నికాన్ జి లెన్సును బాడీ నుంచి విప్పితే అపర్చరు రేకులు మూసుకుని ఉంటాయి. వెనక ఉన్న చిన్న మీటను వేలితో నెట్టి తెరిచి, ఫోను టార్చి ఒక వైపు నుంచి వేసి రెండో వైపు నుంచి ఏటవాలుగా చూడండి. దుమ్ము చుక్కలు ఉన్నా ఫరవాలేదు. సాలెగూడు పోగుల్లాంటివి కనిపిస్తే ఎంత తగ్గించి ఇస్తామన్నా వద్దు. మేము చూసిన మొదటి 35లో సరిగ్గా అవే ఉన్నాయి, తిరిగి ఇచ్చేశాం. రెండోది శుభ్రంగా ఉంది. వాడిన డి5600, దాని 18-55, ఈ 35 కలిపి మా మేనకోడలి 40,000లో ఇమిడాయి.

ఇప్పుడవి గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో నీలం రంగు సిలికా జెల్‌తో ఉంటున్నాయి. బియ్యం డబ్బాలో పెడతామని వాళ్ళమ్మ అంటే వద్దన్నాను, ఆ పొడి లెన్సులోకి పోతుంది. జెల్ గింజలు గులాబీ రంగుకు తిరిగితే తడి పీల్చుకున్నట్టు. తీసి వేడి చేసి ఆరబెడితే మళ్ళీ నీలం అవుతాయి. మొన్న ముసురు పట్టిన వారంలో రెండుసార్లు ఆరబెట్టవలసి వచ్చిందని మేనకోడలు ఫోను చేసి చెప్పింది.